గవాక్షంలో మూడో మాట

జగిత్యాలలో పైపుల దుకాణం పైన గది అద్దెకు తీసుకుని, దానికి అద్దాల తలుపు పెట్టించి, అర్జున్ రావు ఒక బ్రౌజర్ కంపెనీ తెరిచాడు. బ్రౌజర్ పేరు గవాక్షం. ప్రారంభానికి వచ్చినవాళ్లలో ఆ పేరు తప్పు లేకుండా పలికినవాడు పూజ చేయించిన అయ్యగారు ఒక్కడే. అర్జున్ రావు తండ్రి నర్సింగ్ రావు మొదటి వరుసలో కూర్చుని కొడుకు ఉపన్యాసం మొత్తం విన్నాడు. విని, "కిటికీ అని పెడితే ఏం పోయేదిరా" అన్నాడు.

నర్సింగ్ రావుకు గొల్లపల్లి మండలంలో భూములు, మోకాళ్లలో నొప్పి, నోటి నిండా వెటకారం ఉన్నాయి. భూములు తండ్రి నాటికంటే తగ్గాయి. మిగిలిన రెండూ ఏటేటా పెరుగుతున్నాయి.

"పైసలు ఎవలిస్తరు?" అని కారులో ఇంటికి వస్తూ అడిగాడు.

"వాడుకునేటోళ్లు ఇయ్యరు బాపు. వాళ్లకు ఫ్రీ. మన బ్రౌజర్ల ఎవలన్న ఏదన్న వెతికితే, దాన్ని పెద్ద సెర్చ్ కంపెనీకి పంపుతం. ఆళ్లు మనకు వాటా ఇస్తరు. ఇగ పరాయోళ్ల యాడ్లు ఆపుతం, మన యాడ్లు చూపెడ్తం."

"అంటే బస్టాండుకు పోయేటోనికి బస్టాండు గటున్నదని చెప్పి, బస్సోన్ని కమీషన్ అడుగుతవ్."

"గట్ల కాదు బాపు."

"మరి మిషను నువ్వే చేసినవా?"

అర్జున్ రావు నసిగాడు. లోపలి ఇంజన్ ఒక పెద్ద కంపెనీది, ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు. రంగు, పేరు, ముందు పేజీ మాత్రం తనవి. నర్సింగ్ రావుకు ఇది చప్పున అర్థమైంది. ఆయన తండ్రి కూడా ఊరివాళ్లు వెట్టికి తవ్విన బావి దగ్గర తన పేరు చెక్కిన రాయి పాతించాడు. రక్తం ఎక్కడికి పోతుంది అనుకున్నాడు.

గవాక్షంలో లేని సౌకర్యం లేదు. రాత్రి పూట తెర నల్లబడుతుంది, పక్కనుంచి ఒక పట్టీ జరిగి వస్తుంది, తెరిచిన పేజీలు కట్టలు కట్టుకుంటాయి. లేనిదల్లా వాడేవాళ్లు. అర్జున్ రావు కోరుట్ల పోయి నెట్ సెంటర్లన్నీ తిరిగాడు. బస్టాండు దగ్గర సెంటర్ నడిపే మానస ఒక పూట వాడి చూసి, "అన్నా, దీంట్ల హాల్ టికెట్ దిగుతలేదు. యాడ్ అనుకొని ఆపుతున్నది" అని మర్యాదగా తీసేసింది.

దాంతో అతను సొంతూరి మీద పడ్డాడు. తండ్రి ఫోన్లో, తల్లి కౌసల్య ఫోన్లో, చెల్లెలు దీక్షిత ఫోన్లో, డ్రైవర్ సాయిలు ఫోన్లో, కిరాణా కొట్టు మొగిలి ఫోన్లో తన చేత్తోనే ఎక్కించాడు. పల్లెల కోసమని ఒక కొత్త సౌకర్యం కూడా చేయించాడు. దాని పేరు మన వాడ. గవాక్షం తెరవగానే, ఆ ఊళ్లో జనం వెతుకుతున్నవి ముందు పేజీలో వరుసగా కనిపిస్తాయి. పేర్లు ఉండవు.

"ఇది ఏ పెద్ద బ్రౌజర్ల లేదు బాపు."

"ఆళ్లకు సిగ్గున్నదేమో" అన్నాడు తండ్రి.

ఆ ఇంట్లో అప్పుడు ఇంకో పని కూడా నడుస్తోంది. దీక్షితకు సిరిసిల్ల సంబంధం ఖాయం చేశారు. పిల్లవాడు హరిప్రసాద్ రావు, పెట్రోల్ బంకు ఉంది, మంచి పేరుంది, వాళ్లింటి కోడళ్లు ఉద్యోగాలు చెయ్యరు. దీక్షిత కోరుట్లలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. రోజూ జగిత్యాలలో బస్సు మారి పోతుంది, సాయంత్రం బస్సు దిగి వస్తూ కూడా ఎవరో పిల్లకు ఫోన్లో పాఠం చెబుతూ ఉంటుంది. పెళ్లయితే అది బంద్. మరి పిల్లను అడిగారా అంటే, అడిగారు. "బాపు మాటిచ్చిండు" అని కౌసల్య చాయ్ ఇస్తూ చెప్పింది, దీక్షిత చాయ్ తాగింది. మౌనం అర్ధాంగీకారం అంటారు. మిగతా సగాన్ని నర్సింగ్ రావు తానే కలుపుకున్నాడు. వచ్చే వారమే నిశ్చితార్థం.

ఆదివారం పొద్దున పత్తి ధర చూద్దామని ఆయన గవాక్షం తెరిచాడు. మన వాడలో మొదటి వరుస పత్తి ధర. రెండోది, మోకాళ్ల నొప్పికి ఏ నూనె మంచిది. అది ముందు రోజు ఆయన వెతికిందే. ఒళ్లు మండింది. తన మోకాళ్లు ఊరందరి నోళ్లలో నానుతున్నాయన్న మాట. చెప్పులేసుకుని నేరుగా మొగిలి కొట్టుకు నడిచాడు.

"ఏమిరా మొగిలి, నా మోకాళ్ల సంగతి నీ ఫోన్ల గూడ కనవడ్డదా?"

మొగిలి తూకం ఆపాడు. "నాకేం తెల్వది దొరా. చిన్న దొర ఎక్కించిన దినమే తీసేసిన. మా మనవరాలి ఫోటోలకే జాగ సాలుతలేదు."

"మరి సాయిలు?"

"ఆడు గూడ తీసిండు. మీకు చెప్పద్దన్నడు."

నర్సింగ్ రావుకు నవ్వొచ్చింది. కొడుకు కంపెనీకి ఊళ్లో ఉన్న గిరాకీ ఇదీ. ఇంటికి వచ్చి, హాల్లో కూర్చుని, సాయంత్రం కొడుకు మీద వెయ్యడానికి ఒక మాట సిద్ధం చేసుకుంటూ మళ్లీ ఫోను తీశాడు. మూడో వరుస అప్పుడు చదివాడు.

"మాటిచ్చినంక సంబంధం వద్దని బాపుకు ఎట్ల చెప్పాలె."

నవ్వు ఆగిపోయింది. మొగిలి తీసేశాడు, సాయిలు తీసేశాడు. కౌసల్య పాటలకు తప్ప ఫోను ముట్టదు. కొడుకు ఫోను జగిత్యాల లెక్కలోకి పోతుంది. ఇక ఊళ్లో గవాక్షం వాడుతున్నవి రెండు ఫోన్లు. అందులో ఒకటి ఆయన చేతిలోనే ఉంది.

ముందు కోపం వచ్చింది, అది ఎవరి మీదో తేలలేదు. తర్వాత సిగ్గేసింది. ఎదుటివాళ్ల నోరు మూయించడమే తెలివి అనుకుని ఇన్నేళ్లు బతికాడు. కడుపున పుట్టిన పిల్ల ఆయనకు చెప్పుకోలేక, ఎవడూ వాడని ఒక పనికిమాలిన బ్రౌజర్‌ను అడుగుతోంది. ఏం చెప్పినా వెటకారమే జవాబుగా వస్తుందని ఆ పిల్లకు తెలుసు.

దీక్షిత గది ఎదురుగానే ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. పోయి అడగొచ్చు. కానీ ఆ ఇంట్లో మగవాళ్లు కేకేస్తారు, ఆడవాళ్లు వస్తారు. లేచి పోయి అడగడం ఆయనకు చేతకాలేదు. చివరికి ఒక వేలితో అక్షరం అక్షరం ఏరుకుంటూ వెతికే పెట్టెలో రాశాడు. "బిడ్డా, నీకు ఇష్టం లేదా?"

దానికి పెద్ద సెర్చ్ కంపెనీ ఆడపిల్లల పేర్లు, శుభలేఖల నమూనాలు చూపించింది. ఎదుటి గదిలోకి ఒక మాట చేరడానికి ఏ దేశంలోనో ఉన్న మిషన్ల దాకా పోయి రావలసి వచ్చింది. పెద్దింటి బతుకు అట్లా ఉంది.

మధ్యాహ్నం తండ్రీకూతుళ్లు తలలొంచుకునే తిన్నారు. తిన్నాక ఆయన మళ్లీ తెరిచాడు. మన వాడలో తన ప్రశ్న ఉంది. దాని కింద ఇంకో వరుస చేరింది. "లేదు బాపు. కాలేజీ ఇడువను."

నర్సింగ్ రావు సిరిసిల్లకు ఫోన్ చేశాడు. అమ్మాయికి ఇష్టం లేదని చెప్పి, మన్నించమని అడిగాడు. మన్నించమనడం ఆయన నోటికి కొత్త.

"మాట మీద నిలవడ్తరనుకున్నం రావు సాబ్" అన్నాడు పిల్లవాడి తండ్రి. "మీ ఇంట్ల ఆడపిల్లలే మాట్లాడ్తరా?"

"ఇయ్యాలనే మొదలువెట్టింది."

అవతలి మనిషి ఇంకా చాలా అన్నాడు. నర్సింగ్ రావు అంతా విన్నాడు. వెటకారం పడేవాడికి ఎట్లా ఉంటుందో అరవై దాటాక తెలిసింది.

సాయంత్రం అర్జున్ రావు కారు దిగుతూనే మొదలుపెట్టాడు. "బాపు, మన వాడ లేచింది. ఊర్ల వాడకం ఇయ్యాల ఒక్కసారే పెరిగింది. హైదరాబాద్‌ల పెట్టుబడి పెట్టేటోళ్లకు గూడ చెప్పిన."

"ఏం వెతికిన్రో చూసినవా?"

"గదెందుకు? పెరిగింది సాలు."

తండ్రి ఫోను అతని చేతిలో పెట్టాడు. అర్జున్ రావు చదివాడు, మళ్లీ చదివాడు. మొహం మాడింది. కానీ వ్యాపారం చేసేవాడు కదా, వెంటనే తేరుకున్నాడు.

"అంటే ఫీచర్ పని చేస్తున్నది కద బాపు."

దానికి దీటైన జవాబు నర్సింగ్ రావు నాలుక చివరి దాకా వచ్చింది. కొడుకు కూడా అది పడుతుందని అలవాటుగా తల వంచాడు. ఆయన అనలేదు. మోకాళ్లు పట్టుకుని లేచి, దీక్షిత గది దాకా నడిచాడు. ఎంత గట్టిగా తట్టాలో తెలియక తలుపు మీద కొంచెం గట్టిగానే తట్టాడు.

"ఎవలు?" అంది దీక్షిత లోపలినుంచి. ఆ ఇంట్లో ఆ తలుపు తట్టినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు.

"నేనే బిడ్డా. సిరిసిల్లోళ్లకు వద్దని చెప్పిన. రేపు నీ బస్సు ఎన్ని గంటలకు? నేనెన్నడు అడగలే."