పై మెట్టు మీది మనిషి

మ్యూజియంలో కొత్తగా కడుతున్న గదికి "ఎవరు ఎవరిని తింటారు" అని పేరు పెట్టారు. గది నడుమ చెక్కతో మెట్లు లేపారు. అడుగు మెట్టు మీద గడ్డి, ఆ పైన మిడత, మిడత పైన కప్ప, కప్ప పైన పాము, పాము పైన గద్ద. ఇంకోవైపు జింక, తోడేలు, పులి. కింది బొమ్మ నుంచి పై బొమ్మకు ఎర్ర బాణం గుర్తు ఉంటుంది. కిందున్నది పైనున్నదాని నోట్లోకి పోతుందని దానర్థం. అన్నిటికన్నా పై మెట్టు ఒక్కటే ఖాళీగా ఉంది. అక్కడ మనిషి నిలబడాలి.

ఈ బొమ్మలన్నీ చేస్తున్న ఆయన్ని అందరూ బొమ్మల మాస్టారు అంటారు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు తాత్కాలికమని చేర్చుకున్నారు. జుట్టు తెల్లబడింది గాని తాత్కాలికం మాత్రం చెక్కు చెదరలేదు. పర్మనెంటు కోసం రోజూ పొద్దున్నే వెళ్ళి డైరెక్టరుగారి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడేవారు. డైరెక్టరుగారు ఒకరోజు ఆయన్ని పిలిచి, ఈ గది ప్రారంభం కాగానే ఉద్యోగం పర్మనెంటు చేయించే పూచీ తనదన్నారు. ఆ రోజు నుంచి మాస్టారి కాళ్ళు నేలమీద ఆనలేదు. ఇంటికెళ్ళి భార్యతో చెబితే, ఆవిడ బట్టలు మడతపెడుతూ తలైనా ఎత్తకుండా, ప్రారంభం అయ్యాక చెప్పండి, అప్పుడు సంతోషిస్తాను అంది. ఆవిడ మాట ఎప్పుడూ తప్పిపోదు. ఆయన బాధల్లో అదొకటి.

పై మెట్టు సంగతి తేల్చడానికి సమావేశం పెట్టారు. పాఠాలు చెప్పి రిటైరైన జంతుశాస్త్రం మేడమ్‌ను సలహాకు పిలిచారు. మనిషిని తినే జంతువేదీ లేదు కదా అని డైరెక్టరుగారు అడిగారు. అడిగారనడం కూడా తప్పే, చెప్పారు. మేడమ్‌కు అవుననడం, కాదనడం రెండూ చేతకావు. పెద్ద జంతువులకు, వాటిమీదే బతికే శత్రువు మామూలుగా ఉండదంది. అయితే ఆ పెద్ద జంతువు కూడా ఒకప్పుడు పసికూనే కదా, మొసలి గుడ్డును ఉడుము తినేస్తుంది, అంది. సొరచేపను వేటాడే తిమింగలాలున్నాయంది. మనిషి పదిమందితో, చేతిలో కర్రతో ఉంటే పై మెట్టేగాని, ఒంటరిగా ఏట్లో దిగితే మొసలికి మామూలు భోజనమేనంది. ఆదికాలపు పుర్రెల మీద చిరుతపులి కోరల గుర్తులు దొరికాయంది. చివరికి, సింహాన్ని సింహమే చంపడం కూడా మామూలేనని చెప్పి మంచినీళ్ళు తాగింది.

"అంటే లేనట్టేగా," అన్నారు డైరెక్టరుగారు.

మనిషి మీదనుంచి బయలుదేరే బాణం ఒక్కటి కూడా ఉండకూడదని ఆర్డరు వేశారు. ఆయన పక్కనే కూర్చునే చిన్న డైరెక్టరు, బాణమే కాదండి, బాణం నీడ కూడా పడకూడదు అన్నాడు. పెద్దాయన తానా అంటే తందానా అనడం అతని ఉద్యోగంలో సగం. మిగతా సగం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు.

తర్వాత ముఖం సంగతి వచ్చింది. పులి అంటే ఏ పులైనా పులే. మనిషికి మాత్రం ఎవరిదో ఒక ముఖం కావాలి. ఇంట్లో ఉన్నదాన్ని వదిలి బయట వెతకడమెందుకండీ, మన డైరెక్టరుగారి ముఖం లేదూ అన్నాడు చిన్న డైరెక్టరు. డైరెక్టరుగారు వద్దంటే వద్దన్నారు. చేతిలో టీ పూర్తయ్యేదాకా వద్దంటూనే ఉన్నారు. కప్పు కిందపెట్టి, మీరందరూ అంతగా అంటే ఏం చేస్తాం అన్నారు.

చాలారోజులు ఆయన వర్క్‌షాపులో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మాస్టారు ఆయన్ని చూస్తూ మట్టితో ముఖం తీర్చి, దాన్నుంచి ప్లాస్టర్ తల పోశారు. గదవ కొంచెం తగ్గించమని ఒకసారి, చూపులో దయ పెంచమని ఒకసారి ఆయన సరిదిద్దించారు. తల ఎప్పటికీ కదలకూడదని కూడా చెప్పారు. మాస్టారు మెడలోంచి వెన్నులోకి ఇనుప ఊచ దించి, చుట్టూ ప్లాస్టర్ పోసి బిగించారు. డైరెక్టరుగారు స్వయంగా ఊపి చూసుకుని తృప్తిపడ్డారు.

ప్రారంభం దగ్గరపడుతుండగా డైరెక్టరుగారి ఉద్యోగం ఊడింది. పదిమంది సొమ్ముతో కట్టిన గదిలో సొంత ముఖం పెట్టించుకున్నారని పైవాళ్ళకు ఫిర్యాదు అందింది. ఫిర్యాదు చేసింది చిన్న డైరెక్టరే. ముఖం పెట్టమని సలహా ఇచ్చిన నోటితోనే, ముఖం పెట్టాడని చెప్పొచ్చాడు. ఆ కుర్చీలో అతన్నే కూర్చోబెట్టారు కాబట్టి ఇకనుంచి మనం కూడా ఆయన్ని గారు అనాలి.

కొత్త డైరెక్టరుగారు మాస్టారిని పిలిచి, ఈ వ్యక్తిపూజ ఏమిటండీ, ముందా తల తీసేయండి అన్నారు. మరి ఎవరి తల పెట్టమంటారని మాస్టారు అడిగారు. ఎవరో ఒక సామాన్యుడిది, అన్నారాయన. కాసేపు కిటికీలోంచి చూసి, నాలాంటి సామాన్యుడిది, అన్నారు. పర్మనెంటు సంగతి తాను మరిచిపోలేదనీ, ప్రారంభం అయ్యాక తప్పకుండా చూస్తాననీ కూడా అన్నారు. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. పాత డైరెక్టరుగారి గతేమిటన్న ఆలోచన ఆయనకు మెట్లు దిగాకగాని రాలేదు. వచ్చాక తనమీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పై మెట్టెక్కి బొమ్మ మెడకు రంపం పెట్టారు. రంపం సగం దిగి ఊచకు తగిలినప్పుడు తలుపు తెరుచుకుంది. పాత డైరెక్టరుగారు తన సామాన్లు తీసుకెళ్ళడానికి వచ్చి, చేతిలో సంచీతో గుమ్మంలో నిలబడ్డారు. ఒకసారి తన తలను చూశారు, ఒకసారి రంపాన్ని చూశారు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. రంపం లాగెయ్యాలో ఉంచాలో తెలియక అలాగే ఉండిపోయారు.

ఆయన సంచీ పక్కన పెట్టి మెట్లెక్కొచ్చారు.

"ఒక్కరే కోస్తే పడి పగులుతుంది. నేను పట్టుకుంటాను, కానివ్వండి," అన్నారు.

రెండు చేతులతో ఆ తలను చెవుల దగ్గర పట్టుకున్నారు. మాస్టారు కళ్ళు దించుకుని, ఇనుము కోసే రంపం తీసి ఊచ మీద నడిపారు. తెల్లటి పొడి ఇద్దరి చొక్కాల మీదా రాలుతోంది. కొంతసేపటికి ఆయనే, పర్మనెంటు సంగతి కొత్తాయన ఏమన్నాడని అడిగారు. ప్రారంభం అయ్యాక చూస్తానన్నారని మాస్టారు చెప్పారు.

"నేనూ అదే అన్నాను కదూ," అన్నారు పాత డైరెక్టరుగారు. "మీ కాగితం ఎప్పుడో తయారైంది మాస్టారూ. పైవాళ్ళు కూడా సరేనన్నారు. నా సంతకమే తరువాయి. పెట్టలేదు."

"ఎందుకండీ?"

"పెడితే మీరు మళ్ళీ నా గదికి రారు కదా. రోజూ పొద్దున్నే మీరొచ్చి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడితే నాకు బాగుండేది."

మాస్టారి చెయ్యి ఆగింది. ఇన్నేళ్ళ ఆ గుమ్మం, భార్యకు చెప్పిన ఆ మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తర్వాత రంపం వేగం అందుకుంది చూడండి, ఆ ఊచ వెన్నముద్దలా తెగింది.

తల ఊడి పాత డైరెక్టరుగారి చేతుల్లోకి వచ్చింది. ఇంటికి పట్టుకెళ్తారా అని మాస్టారు పొడిగా అడిగారు. మా ఆవిడ ఉన్న ఒక్కదానితోనే వేగలేకపోతోంది అని ఆయన దాన్ని నేలమీద పెట్టారు. వెళ్ళేముందు సంచీలోంచి ఆ కాగితం తీసి ఇచ్చారు. తన సంతకం ఇప్పుడు చెల్లదనీ, కుర్చీలో ఎవరుంటే వాళ్ళదే చెల్లుతుందనీ చెప్పి, చొక్కా దులుపుకుంటూ వెళ్ళిపోయారు. మాస్టారికి ఆయన్ని చూస్తే కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఏది ఎక్కువో తేల్చుకునే తీరిక లేదు.

కొత్త తలకు మట్టితో కుస్తీపడే వ్యవధి లేదు. ముఖం మీదే ప్లాస్టర్ పోసి అచ్చు తీయాలన్నారు మాస్టారు. కొత్త డైరెక్టరుగారు ఉత్సాహంగా వచ్చి బల్లమీద వెల్లకిలా పడుకున్నారు. మాస్టారు ఆయన ముక్కులో ఊపిరికి రెండు సన్నటి గొట్టాలు పెట్టి, చర్మానికి నూనె రాస్తుంటే, ఆయన ఉపన్యాసం ఆపలేదు. మేడమ్ ఎన్ని చెప్పినా మనిషికి శత్రువు లేడన్నది నిజమేననీ, ఆ ఎత్తుకు చేరుకున్నాక ఇక భయమన్నదే ఉండదనీ చెప్పారు. ప్లాస్టర్ పెదవుల మీదికి వచ్చాక ఉపన్యాసం దానంతటదే ఆగిపోయింది.

గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ వేడెక్కుతుంది. వెచ్చదనం తగిలేసరికి డైరెక్టరుగారి చెయ్యి గాలిలో తడుముకుంది.

"అది మామూలేనండి. వేళకు తీసేస్తే ఏమీ కాదు," అన్నారు మాస్టారు. "కాకపోతే కనుబొమ్మలకు నూనె రాయడం మరిచిపోయాను. ఆలస్యమైతే అవి అచ్చుతో పాటు ఊడొచ్చేస్తాయి. రేపు ప్రారంభానికి ఫోటోలు తీస్తారేమో కూడా."

ముక్కు గొట్టాల్లో ఊపిరి ఈలలా వినిపించింది.

మాస్టారు అట్ట మీద ఆ పర్మనెంటు కాగితం పెట్టి, గాలిలో తడుముకుంటున్న ఆ చేతికి పెన్ను అందించారు. జీవితంలో మొదటిసారి చేతులు కట్టుకోకుండా ఒక డైరెక్టరు పక్కన నిలబడ్డారు.

"మీ చెయ్యి ఖాళీగానే ఉంది కదండీ. ఇక్కడ," అని పెన్ను మొనను చోటు మీద ఆనించారు.

చెయ్యి కాసేపు ఆలోచించింది. తర్వాత సంతకం పెట్టింది.

మాస్టారు తడి ఆరేదాకా కాగితాన్ని ఊది, జేబులో పెట్టుకుని, తొందరపడకుండా అచ్చు పైకి లేపారు. డైరెక్టరుగారు లేచి కూర్చుని ముందు కళ్ళ పైన తడుముకున్నారు. రెండూ ఉన్నాయి. అప్పుడడిగారు, ఇందాక దేనిమీద సంతకం పెట్టించుకున్నారని.

"నా ఉద్యోగం మీదండి," అన్నారు మాస్టారు. "అచ్చులో గడ్డం బాగా వచ్చింది, చూడండి."