హ్యాండిల్ బండి, తాళంచెవి బండి

దుర్గ్ దగ్గర మరోదాలో, ఉక్కు ప్లాంటు క్వార్టర్ల వరసకంతటికీ రెండే కార్లు. ఒకటి ప్లాంటు మెషిన్ షాపులో ఫిట్టరు త్రినాథరావుది. దుర్గ్ వకీలొకాయన కోళ్ళ షెడ్డులో పారేసిన పాతకాలపు విలాయతీ మోటారును తెచ్చి, రెండేళ్ళు గీకి, అతికి, నడిచేలా చేశాడు. ముందువైపు ఇనప హ్యాండిల్ గుచ్చి తిప్పితేనే అది స్టార్టయ్యేది. రెండోది ఎదురింటి ఇంజనీరు వాసుదేవరావు అరవైనాలుగులో కొన్న చిన్న కారు.

ఆ చిన్న కారంటే త్రినాథరావుకు పరమ ఏవగింపు. "అదీ ఒక కారేనేటి? బొటనేలెట్టి నొక్కితే సొట్టపడిపోద్ది," అని షిఫ్టు దిగొచ్చే ప్రతివాడికీ చెప్పేవాడు. వాసుదేవరావూ తక్కువ తినలేదు. క్లబ్బులో పాత బండిని మ్యూజియం అని నవ్వేవాడు. ఆ మాట త్రినాథరావు చెవిన పడింది.

మే నెలలో వాసుదేవరావు తల్లి వరలక్ష్మమ్మ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. తొడ నుంచి మడమ దాకా సిమెంటు కట్టు. దుర్గ్ డాక్టరుకు చూపించాల్సిన రోజున ఆమెను చిన్న కారులో ఎక్కించబోతే కాలు పట్టలేదు, తలుపు పడలేదు. గుమ్మంలో కూర్చుని బీడీ కాలుస్తూ త్రినాథరావు అంతా తీరిగ్గా చూశాడు.

చివరికి వాసుదేవరావు రోడ్డు దాటి వచ్చాడు. "త్రినాథరావు గారూ, మీ బండి ఒక్క పూట..."

"మ్యూజియంలోకి టిక్కెట్టు లేకండా రానివ్వరు కద బాబూ."

వాసుదేవరావు తల వంచుకున్నాడు.

"సర్లెండి, అమ్మగోరి మొకం సూసి వస్తన్నాను. నాను లోపల కూకుంతాను. తమరు హ్యాండిల్ తిప్పండి."

ఆఫీసరు చెమటలు కక్కుతూ హ్యాండిల్ తిప్పడం వీధంతా చూడాలని అతని కోరిక. వరలక్ష్మమ్మను వెనక సీట్లోకి చేర్చేసరికి జనం గుమ్మాల్లోకి వచ్చారు కూడా. హ్యాండిల్ తిప్పేముందు స్టీరింగు దగ్గర మీట ఒకటి దించాలి. దించకపోతే హ్యాండిల్ ఎదురు తన్నుతుంది. జనం మీద కళ్ళు పెట్టుకున్న త్రినాథరావు ఆ మీట సంగతే మరిచాడు.

మూడో తిప్పుకు హ్యాండిల్ వెనక్కి విసిరికొట్టింది. ఎముక విరిగిన చప్పుడు బండి లోపలికి కూడా వినిపించింది. వాసుదేవరావు మణికట్టుకు రుమాలు చుట్టుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. త్రినాథరావు మీట దించి, తానే దిగి బండి స్టార్ట్ చేశాడు.

వెనక సీట్లో కాలు బారజాపుకున్న వరలక్ష్మమ్మ, "ఎంత హాయిగా ఉంది నాయనా, మావాడి బండి ఇరుకు," అంది. రెండేళ్ళుగా ఎదురుచూసిన మెచ్చుకోలు. త్రినాథరావు పక్కసీట్లోని రుమాలు కట్టు కేసి చూశాడు.

దుర్గ్‌లో డాక్టరు తల్లి కట్టు బాగానే ఉందని చెప్పి, కొడుకు చేతికి కొత్త కట్టు వేశాడు. ఆరు వారాలు.

తిరుగుదారిలో వరలక్ష్మమ్మ కునుకు తీసింది. "మీట నాను దించలేదు బాబూ," అన్నాడు త్రినాథరావు. "బండి తప్పు కాదు."

"తెలుసు. దించారా అని అడుగుదామనుకున్నాను. ఫిట్టరును అడగడానికి నామోషీ వేసింది."



మర్నాడు పొద్దున్నే త్రినాథరావు రోడ్డు దాటాడు. "తాళంచెవి ఇవ్వండి. ఈ ఆరు వారాలూ తమర్ని ప్లాంటు కాడ నాను దింపుతాను."

చిన్న కారులో తల టాపుకు తగిలింది. సీటు పలకలా ఉంది. అన్నీ తాను తిట్టినట్టే ఉన్నాయి. తాళంచెవి తిప్పాడు. చెయ్యి తీసేలోపే ఇంజను అందుకుంది.

"దీన్లో పనేటుంది?" అని ముఖం చిట్లించి గేరు వేశాడు.