శనివారం పంక్చర్లు

ఫోను మోగేసరికి గేలెన్ గడ్డం గీసుకోవడం కూడా అయిపోయింది. అతని పెళ్లాం ఆర్లీస్‌కు ఒళ్లు మండింది అక్కడే. ఆదివారం చర్చికి తప్ప గడ్డం మీద కత్తి పెట్టని మనిషి, ఈ వసంతం నుంచి శనివారం పొద్దున్నే నున్నగా గీసుకుని, చెంపలు నిమురుకుంటూ వంటింట్లోకి వస్తున్నాడు. పైగా ఫోను ఎవరు చేస్తారో ముందే తెలిసిన మొహంతో వస్తున్నాడు.

"డార్లాయేనా?" అంది ఆర్లీస్, పెనం మీద గుడ్డు తిరగేస్తూ.

"ఆఁ. ముందు టైరు మళ్లీ కూర్చుందట."

"పోయిన వారం వెనకది కదా."

"ఇది ముందుది."

"పాపం, బాగానే వంతులేసుకున్నాయి."

గేలెన్ ఆ మాట విననట్టే రెండు ముద్దల్లో గుడ్డు మింగి, పంక్చరు సామాను పెట్టె తీసుకుని, పికప్పు ఎక్కి కంకర రోడ్డు వెంట దుమ్ము రేపుకుంటూ పోయాడు. వెళ్లేటప్పుడు ఈల కూడా వేశాడు. ఆ ఈల విని ఆర్లీస్ చేతిలో ఉన్న పెనాన్ని తొట్లోకి గిరాటేసింది.

పొరుగున ఉండే డార్లా మొగుడు పోయి ఏడాది దాటింది. పోయేముందు ఆయన చేసిన ఘనకార్యం ఒకటుంది. ఇంటి ముందున్న పాత ముళ్ల కంచెచెట్లను బుల్డోజరుతో పెళ్లగించి, కొమ్మలు కాల్చేసి, ఆ నేలంతా గడ్డి విత్తనాలు చల్లించాడు, కిటికీలోంచి సూర్యాస్తమయం కనబడాలని. ఆ చెట్టు ముల్లు పుచ్చదు, మెత్తబడదు. మట్టిలో మేకులా కూర్చుని ఉంటుంది. ఈ జిల్లాలో పుట్టిన ఎవరికైనా తెలిసిన సంగతే ఇది. అయినా ఏటా ఎవడో ఒకడు కంచె పీకి పచ్చిక పెంచుతూనే ఉంటాడు. ఆయన సూర్యాస్తమయం చూసింది ఒక్క వేసవి. ముళ్లు మాత్రం పెళ్లానికి మిగిలాయి. గడ్డి కోయడానికి చిన్న ట్రాక్టరు ఎక్కిందంటే చాలు, ఏదో ఒక టైరు బుస్సుమంటుంది.

అదంతా న్యాయమే. ఆపదలో ఉన్న ఆడమనిషికి ఇరుగుపొరుగు సాయం చెయ్యాల్సిందే, ఆర్లీస్ కాదనదు. కానీ ఆ డార్లాకు యాభై దాటినా నడుం ఇంకా నడుంలాగే ఉండాలా? అదీ ఆర్లీస్ బాధ. ఒక పంక్చరు వెయ్యడానికి పొద్దున వెళ్లినవాడు మధ్యాహ్నం దాటాక రావడం ఏమిటి? వచ్చి, ఆర్లీస్ చేసిన కోడి నూడుల్సు ముందు కూర్చుని, "ఆకల్లేదు, అక్కడ పై తిన్నా" అనడం ఏమిటి? అదీ కొట్లో కొన్న పై, పండ్లు కూరి కాల్చే తీపి రొట్టె. జిల్లా సంతలో తను పుల్లటి రూబార్బు కాడలతో చేసిన పై రొట్టెకు మొదటి బహుమతిగా నీలం రిబ్బను కట్టారు, ఒకసారి కాదు. కొట్లో పై తిని వచ్చాడు మహానుభావుడు.

ఆ రోజు కూడా అలాగే వచ్చాడు. చేతులకు నల్లటి మడ్డి, మొహంలో వెలుగు.

"ఏమైంది?" అంది.

"ముల్లు దొరకడం కష్టమైంది. సబ్బునీళ్లు పోసి వెతికితే టైరు గాట్ల మధ్యలో కనబడింది."

"ఒక్క ముల్లుకేనా ఇంతసేపు?"

"జాగ్రత్తగా చెయ్యాలి మరి."

ఆ రాత్రి ఆర్లీస్ ఆయన పక్కనే పడుకుని, గురక వింటూ, డార్లా నడుం గురించి ఆలోచించింది. తనమీద తనకే అసహ్యం వేసింది. ఆలోచించడం మాత్రం మానలేదు.

చివరకు ఒక నిర్ణయానికి వచ్చింది. ఏడుపులూ తగువులూ తనకు చేతకావు. టైర్లకు గాలి పోకపోతే ఫోను రాదు. ఫోను రాకపోతే ఈయన వెళ్లడు. అంతే కదా. బుధవారం గేలెన్ పంటి డాక్టరు దగ్గరకు పట్నం వెళ్లగానే, ఆర్లీస్ వ్యవసాయ సామాన్ల కొట్టుకు వెళ్లి, టైర్లలో పోసే ఆకుపచ్చ జిగురు మందు పెద్ద డబ్బా కొని, కారులో వేసుకుని తిన్నగా డార్లా ఇంటి ముందు దిగింది.

డార్లా పాత చొక్కా వేసుకుని, చెదిరిన జుట్టుతో బయటకు వచ్చింది. నడుం సంగతి ఆర్లీస్ మొట్టమొదట చూసుకుంది. చొక్కా వదులుగా ఉండి ఏమీ తెలియలేదు.

"నీ టైర్లకు మందు పోద్దామని వచ్చా," అంది ఆర్లీస్, డబ్బా ఎత్తి చూపిస్తూ. "నాలుగింటికీ పోసేస్తే చిన్న చిన్న ముళ్లు ఏం చెయ్యవు. గుచ్చుకున్నచోట అదే పూడ్చుకుంటుంది."

డార్లా ఆ డబ్బాను చూసి గట్టిగా నిట్టూర్చింది. "ఇదే పొయ్యమని ఏప్రిల్లోనే గేలెన్‌ని అడిగా. చక్రం లోపల ఇనుము తుప్పు పడుతుంది, వద్దన్నాడు."

"ఎవరు, గేలెనా?"

"ఆఁ. కొత్త టైర్లు కొనేప్పుడు కూడా అంతే. కొట్టువాడు గడ్డి మీద తిప్పే ఆరు పొరల టైర్లున్నాయి, ముళ్ల నేలకు అవే తీసుకోమన్నాడు. ఈయన పక్కనుండి, నాలుగు పొరలు చాలు, మెత్తగా ఉంటాయి, పచ్చిక నలగదు అన్నాడు. తెలిసినవాడు కదా అని నేనూ సరేనన్నా."

ఆర్లీస్ కిందికి వంగి ముందు టైరు చూసింది. అది పొట్ట బయటపెట్టి కూర్చుని ఉంది. గాలి కొలిచే పుల్ల పెట్టి చూస్తే, ఉండవలసినదాంట్లో సగమే ఉంది. ఇంత తక్కువ గాలితో తిప్పితే టైరు నేలకు అతుక్కుపోయి దారిలో ఉన్న ప్రతి ముల్లునూ ఏరుకుంటుంది.

"గాలి ఎవరు కొడుతున్నారు?"

"ఆయనే. ఎక్కువైతే గడ్డి మీద చారలు పడతాయట."

ఇద్దరూ వంగి పని మొదలుపెట్టారు. చక్రం కాస్త జాకీతో లేపడం, వాల్వు పిన్ను విప్పడం, గొట్టం తగిలించి మందు పిండడం, పిన్ను బిగించి గాలి కొట్టడం. నాలుగో టైరు దగ్గరకు వచ్చేసరికి డార్లా వెనక్కి కూలబడి చేతులు తుడుచుకుంది.

"నిజం చెప్పనా ఆర్లీస్? కోపం తెచ్చుకోకు. ఆయన మంచివాడు, కాదనను. కానీ నా శనివారాలన్నీ ఆయనకే సరిపోతున్నాయి. టైరు బాగుచేశాక వెళ్లడు. కాఫీ అంటాడు. ధాన్యం గోదాములో పనిచేసినప్పటి కబుర్లు మొదలెడతాడు, బెల్టు తెగితే తనెట్టా అతికాడో. ఇంట్లో ఏమీ లేక కొట్లోంచి పై తెచ్చి పెడుతున్నా, తిని వెళ్తాడేమోనని. తిని కూర్చుంటాడు."

ఇది విని ఆర్లీస్ మనసు కుదుటపడాలి నిజానికి. పడలేదు. అంతకంటే ఎక్కువ మండింది. తన మొగుడు వద్దట ఈవిడకు. గడ్డం గీసుకుని, శుభ్రమైన చొక్కా తొడుక్కుని వెళ్లిన మనిషి ఈవిడకు బరువైపోయాడట.

"మా ఆయన కబుర్లు బాగానే ఉంటాయి," అంది మొహం మాడ్చుకుని.

"ఉంటాయిలే. నువ్వు వింటావు కాబట్టి."

ఆ మాట ఆర్లీస్‌కు ఎక్కడో తగిలింది. వాల్వు మూత గట్టిగా బిగించి, డబ్బా కారులో పడేసి, కాఫీ వద్దని చెప్పి బయలుదేరింది.

దారంతా ఒక్కటే ఆలోచన. తమ ట్రాక్టరు కొన్న రోజే గేలెన్ నాలుగు టైర్లకూ ఇదే ఆకుపచ్చ మందు తన చేత్తో పోశాడు. ఆరు పొరల టైర్లు వేయించాడు. వేసవి మొదట్లో గాలి చూస్తాడు, చలికాలంలో చూస్తాడు, ఎండ తగలకుండా కొట్టంలో పెడతాడు. అందుకే తమకు ఏనాడూ పంక్చరు కాలేదు. ఏనాడూ ఆయన్ను కొట్టంలోకి కేకేసి పిలవాల్సిన పని రాలేదు. ఇన్నాళ్లూ అది తన అదృష్టం అనుకుంది. ఇప్పుడు ఆ డార్లా బోడి టైర్ల మీద అసూయ పుట్టుకొచ్చింది. మనిషి మీద అయితే ఎదురుగా నిలబడి కడిగెయ్యొచ్చు. టైరును ఏమంటుంది?

శనివారం వచ్చింది. గేలెన్ గడ్డం గీసుకున్నాడు. గుడ్డు తిన్నాడు. ఫోను మోగలేదు. ఇంకో కాఫీ పోసుకున్నాడు. లేచి వెళ్లి రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, పనిచేస్తోందని నిర్ధారించుకుని పెట్టేశాడు. ఆర్లీస్ గిన్నెలు తోముతూ అంతా చూసింది.

"ఓసారి వెళ్లి ఆ టైరు ఎట్టా ఉందో చూసొస్తా," అన్నాడు కాసేపటికి.

"బాగానే ఉంది. నాలుగింటికీ మందు పోసొచ్చా బుధవారం."

గేలెన్ మొహంలో వెలుగు పోయింది. ఆమె కోరుకున్నది అదే. చూడగానే మాత్రం ఏమీ బాగనిపించలేదు.

"నిన్నెవరు పొయ్యమన్నారు?"

"డార్లాయే. నిన్ను ఏప్రిల్లోనే అడిగిందట. తుప్పు పడుతుందన్నావట. మన చక్రాలకు పట్టని తుప్పు ఆవిడ చక్రాలకే ఎట్టా పడుతుందో చెప్పు."

ఆయన కుర్చీ వెనక భాగాన్ని పట్టుకుని నిలబడిపోయాడు.

"ఆవిడంటే ఇష్టమా నీకు?" అంది ఆర్లీస్. అడగకూడదనుకున్న మాట అడిగేసింది.

"ఛ, అదేం కాదు."

"మరేంటి?"

"ఎవరో ఒకరు పిలుస్తారు కదా అని." గేలెన్ గొంతు తగ్గించాడు. "గోదాములో ఉన్నన్నాళ్లూ రోజంతా నా పేరే వినబడేది. గేలెన్, బెల్టు చూడు. గేలెన్, మోటారు చూడు. ఇక్కడ నేను బూట్లు తొడుక్కునేలోపే నువ్వు పంపు బాగుచేసేస్తావు. నాతో పనేముంది నీకు?"

"అంటే తప్పు నాదా?"

"తప్పని నేనన్నానా?"

బయటకు వెళ్లి వరండా మెట్ల మీద కూర్చున్నాడు, ఆ గీసుకున్న గడ్డంతో. ఆర్లీస్ కిటికీలోంచి ఆ వీపును కాసేపు చూసింది. కోపం ఇంకా ఉంది. దిగులు కూడా ఉంది. అబద్ధాలాడి ఇంకో ఇంట్లో పనికొచ్చే మనిషిగా ఉండాలనుకున్నాడే అని ఏడుపొచ్చింది. చెయ్యి తుడుచుకుని వెనక తలుపులోంచి కొట్టంలోకి వెళ్లింది.

ట్రాక్టరు ముందు టైరు దగ్గర గొంతుక్కూర్చుని వాల్వు పిన్ను విప్పింది. గాలి బుస్సున కొట్టింది. ఆకుపచ్చ చుక్కలు ముక్కు మీదా ఏప్రన్ మీదా చింది పడ్డాయి. టైరు మెల్లగా కుంగి నేలకు కూర్చుంది.

"గేలెన్," అని పిలిచింది. "గేలెన్, టైరు కూర్చుంది. ఓసారి రా."

ఆయన వచ్చాడు. టైరు చూశాడు, మూత లేని వాల్వు చూశాడు, ఆమె ముక్కు మీద ఆకుపచ్చ చుక్క చూశాడు.

"దీంట్లో ముల్లు లేదు, ఆర్లీస్. పిన్ను నీ చేతిలో ఉంది. ఇటివ్వు, రెండు నిమిషాల పని."

రెండు నిమిషాలట. అక్కడైతే ఒక పూట.

ఆర్లీస్ లేచి గుమ్మం దాకా నడిచి, ఆ పిన్నును బయట ఎత్తుగా పెరిగిన గడ్డిలోకి విసిరేసింది.

"వెతుక్కో," అంది.

గేలెన్ ఆమెను చూశాడు, గడ్డిని చూశాడు. పెట్టెలో ఇంకో పిన్ను ఉందని ఇద్దరికీ తెలుసు. ఆయన టోపీ సర్దుకుని, మోకాళ్ల మీద వంగి, గడ్డి పాయలు తీస్తూ వెతకడం మొదలుపెట్టాడు. కాసేపటికి గోదాములో బెల్టు తెగిన రోజు సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఆర్లీస్ బకెట్టు బోర్లించుకుని దగ్గర్లోనే కూర్చుంది. పిన్ను ఎక్కడ పడిందో ఆమెకు బాగా కనబడుతోంది. చెప్పలేదు.