పెట్స్ పద్దులో ఆవు

మా నాయన మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. అందులో సగం నా మీద నాకే. ఆ లెక్కలన్నీ ఎక్కించింది నా వేళ్ళే మరి.

రెండువేల మూడులో మా నాయన జయచంద్ర తిరుపతి పోయి వాయిదాల మీద కంప్యూటర్ తెచ్చాడు. నెలకు పదమూడు వందల యాభై. చిత్తూరులో ఆయన గుమాస్తాగా పనిచేసే ఆఫీసులో ఎవరో ఒక సీడీ ఇచ్చారు. ఇంటి జమా ఖర్చులు రాసుకునే సాఫ్ట్‌వేర్ అది, ఏదో పరాయి దేశంలో చేసింది. నేను బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను కాబట్టి రోజూ సాయంత్రం ఖర్చులు ఎక్కించే పని నాకు పడింది. వెనక కుర్చీ వేసుకుని పెత్తనం చేసే పని ఆయన తీసుకున్నాడు.

అందులో పద్దులన్నీ ముందే రాసి ఉన్నాయి. కారుకో పద్దు, హోటల్ భోజనాలకో పద్దు, సెలవుల్లో ఊళ్ళు తిరగడానికో పద్దు. మాకు లేనివాటన్నిటికీ పద్దులున్నాయి. మాకున్న ఒక్క ఆవుకు మాత్రం లేదు.

మా ఇల్లు పలమనేరు రోడ్డు పక్కన. ఇంటి వెనక రేకుల కొట్టంలో జర్సీ ఆవు ఉండేది. మా అమ్మ దేవకమ్మ తన కమ్మలమ్మి పలమనేరు సంతలో కొన్న ఆవు. ఆమె తెల్లవారి నాలుగున్నరకు లేచి, పేడ తీసి, కొట్టం కడిగి, పాలు పిండి, పాలకేంద్రంలో పోసి వచ్చేది. మేము లేచేది ఆ తర్వాత, కాఫీ వాసనకు.

"ఆవు దాణా, తవుడు, గానుగ చెక్క ఏ పద్దులో ఎయ్యాల నాయనా?" అని మొదటి వారం అడిగాను.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని తెర మీద వెతికాడు. "పెట్స్ అని ఉండాది గదమ్మే. దాంట్లో ఎయ్యి."

పెట్స్ అంటే కుక్కపిల్లలు, పిల్లులు. ముద్దుకు పెంచుకునేవి. నాకు తెలుసు. అయినా వేసేశాను.

పాల డబ్బు సంగతి వేరు. కేంద్రంలో పాల పుస్తకం నాయన పేరు మీద ఉండేది. పదిహేను రోజులకోసారి ఆయనే స్కూటర్ మీద పోయి డబ్బు తెచ్చేవాడు. "నేను తెచ్చిన దుడ్డు గదా, నా ఆదాయం కింద ఎయ్యి" అన్నాడు. అదీ వేసేశాను. ఇంట్లో మేము తాగే పాలు, తోడేసే పెరుగు ఎక్కడా వేయలేదు. ఊరికే వస్తున్నట్టే లెక్క.

నాలుగు నెలలయ్యాక ఆయన ఒక మీట నొక్కమన్నాడు. నొక్కాను. దోసెను ముక్కలు కోసినట్టు ఒక గుండ్రటి బొమ్మ వచ్చింది. ఏ ముక్క ఏ ఖర్చో రంగురంగుల్లో చూపించింది. అన్నిటికంటే పెద్దది ఎర్ర ముక్క. అది పెట్స్. మా బియ్యం ముక్క దానిలో సగం కూడా లేదు. నాయన ఆ బొమ్మను ఆఫీసులో అచ్చు తీయించుకొచ్చి వంటింటి గోడకు అంటించాడు.

"సూడు దేవకీ. నెలకు పద్నాలుగు నూర్లు నీ ఆవే తింటా ఉండాది. ఇంగ చాలు. బేరగాడు శాంతయ్యకు చెప్పినా. ఆదివారం వచ్చి తోలుకపోతాడు."

అమ్మ పొయ్యి ముందు నుంచి లేచింది. "తినేది కనబడింది, ఇచ్చేది కనబళ్ళేదా?"

"కంప్యూటర్ అబద్ధం చెప్పదు."

"అయితే నేను చెప్తానా?"

ఆయన స్కూటర్ తీసుకుని బయటికి పోయాడు. మాటకు మాట దొరకనప్పుడల్లా ఆయనకు స్కూటర్ దొరుకుతుంది.

అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడి తెర వంక చూసింది. "మ్మే, దీంట్లో నేను యాడ ఉండాను?"

వెతికాను. నాయన జీతం ఉంది. నా ఫీజు ఉంది. స్కూటర్ పెట్రోలు ఉంది. అమ్మ పేరు ఒకే ఒక్కచోట ఉంది. శ్రావణంలో జ్వరమొస్తే కొన్న మాత్రలు, పద్దెనిమిది రూపాయలు, ఖర్చు. అది చదివి వినిపించాను.

"కమ్మలు అమ్మినపుడు నేను ఏడవలా. ఈ ఆవు పోతే మాత్రం నాదని చెప్పుకునేదానికి ఈ ఇంట్లో ఏం మిగల్దు" అని అమ్మ కొట్టంలోకి పోయింది.

ఆదివారం శాంతయ్య వచ్చాడు. ఆవు చుట్టూ తిరిగి, పొదుగు చూసి, వీపు నిమిరి అడిగాడు. "ఎన్నో ఈత?"

నాయన అమ్మ వైపు చూశాడు. అమ్మ గడపలో పలుపు పట్టుకుని నిలబడి ఉంది. పలుపును చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది.

"పాలెన్ని ఇస్తాది?"

ఈసారి నా వైపు చూశాడు.

"ఏమప్పా, ఆవు నీదేనా?" అన్నాడు శాంతయ్య.

నేనే చెప్పాను. "రెండో ఈత. కేంద్రానికి పొద్దున అయిదు లీటర్లు, సాయంత్రం నాలుగు. ఇంటికి ఒకటిన్నర."

శాంతయ్య ఆవు మీద నుంచి చెయ్యి తీసేశాడు. "పదిన్నర లీటర్ల ఆవును ఎవురైనా అమ్ముకుంటారా? ఏం లోపమో చెప్పండప్పా. తంతాదా? చూలు నిలవదా?"

"లోపమేం లేదు. ఖర్చు ఎక్కువ" అన్నాడు నాయన.

శాంతయ్య వేళ్ళు మడిచాడు. "కేంద్రానికి పోసేది నెలకు రెండువేల మూడు నూర్లు. ఇంట్లో తాగేది కొంటే అయిదు నూర్లకు తక్కవ గాదు. మేతకు పద్నాలుగు నూర్లు పోనీ. ఇంకా పద్నాలుగు నూర్లు మిగల్తా ఉండాది గదబ్బా!"

బడి మొహం చూడని మనిషికి అర నిమిషం పట్టలేదు. బీకాం చదివే నాకు నాలుగు నెలలుగా తట్టలేదు. అప్పుడు గుర్తొచ్చింది, కంప్యూటర్ వాయిదా పదమూడు వందల యాభై. నా ఒళ్ళు మండిపోయింది.

"నాయనా, ఆ కంప్యూటర్ వాయిదా కట్టతా ఉండేది ఈ ఆవు. దాని పాలతో కొన్నదాని ముందర కూచుని దాన్నే అమ్మమంటా ఉండావు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేది అంటే ఇదే!"

"నోరు ముయ్! పరాయోళ్ళ ముందర ఏం మాటలివి?" అని నా మీద లేచి, శాంతయ్య వైపు తిరిగాడు. "నువ్వు ధర చెప్పప్పా. నేను మాటిచ్చినా."

శాంతయ్య తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "ఆయమ్మ తన చేత్తో తోలియ్యందే నేను తీసకపోను. ఆడదాని ఉసురు నాకొద్దు."

అతను రోడ్డు మలుపు తిరిగేదాకా అమ్మ కదల్లేదు. తర్వాత వంటింట్లోకి పోయి గోడ మీది బొమ్మను చించి పొయ్యిలో పెట్టింది. కేంద్రం నుంచి ఎప్పుడు తెచ్చి పెట్టుకుందో, ఒక కాగితం తీసి నాయన ముందు పరిచింది. "పాల పుస్తకం నా పేరు మీదికి మార్చేదానికి. ఈడ సంతకం పెట్టు."

ఆయన కోపంగానే పెట్టాడు. పెన్ను కాగితాన్ని చింపినంత పని చేసింది.

మరునాడు పొద్దున నాయన గ్లాసులో నల్లటి డికాక్షన్ వచ్చింది.

"పాలేవి?"

"కేంద్రానికి పోసినా."

"అన్నీనా?"

"అన్నీ. ఇంట్లో తాగేవాటికి పద్దు లేదంట గదా."

రెండు రోజులు ఆయన పంతంగా ఆ చేదే మింగాడు. మూడో రోజు గ్లాసు కింద పెట్టి, నా వైపు చూడకుండా, "పద్దు పెట్టమ్మే" అన్నాడు.

కూర్చున్నాను. దాణా, తవుడు, చెక్క, పాల బిల్లులు అన్నీ ఉన్నచోట నుంచి తీసి దేవకమ్మ అని కొత్త పేరు పెట్టి దాని కిందికి మార్చాను. నాలుగు నెలలూ మార్చాను. ఆ పద్దులో మేత ఖర్చు పోను రాబడే మిగిలింది కాబట్టి, మళ్ళీ మీట నొక్కితే గుండ్రటి బొమ్మలో ఎర్ర ముక్క లేదు. ఇప్పుడు అన్నిటికంటే పెద్దది కంప్యూటర్ వాయిదా. నాయన చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అమ్మ కొలత చెంబుతో వచ్చి వాకిట్లో నిలబడింది. "అర లీటరు. ఆరు రూపాయలు."

నాయన చొక్కా జేబు తడుముకున్నాడు. "చిల్లర లేదే."

"అయితే అప్పు కింద రాయి మ్మే, మీ నాయన పేరు మీద" అని చెంబు ఆయన ముందు పెట్టి, అమ్మ కొట్టంలోకి పోయింది.

రాశాను. ఏ పద్దులో వెయ్యాలని ఈసారి ఎవరినీ అడగలేదు.