నిండుగా ఉంచిన బ్యాటరీ

ఆదివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. రాత్రంతా కురిసిన వాన అప్పుడే తెరిపి ఇచ్చింది. గాలి లేదు, మబ్బు విడలేదు, చూరు అంచుల నుంచి నీరు ఇంకా బొట్లు బొట్లుగా రాలుతోంది. ఊరి చివర ఒక రేకుల కొట్టం ముందు నేనూ మా చెల్లెలి కూతురూ గొడుగు దులిపి నిలబడ్డాం.

ఆ పిల్లను ఇంట్లో అందరమూ ఉడుత అంటాం. కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పని, నాతోనే కాపురం. మోకాలు విరిగిన ఏడాది మట్టిదారి పందేలు మానేసింది. ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలని మనసైంది. పాత ఎలక్ట్రిక్ మోటోక్రాస్ బండి అమ్మకానికి ఉందన్న ప్రకటన చూసింది. అందులోని ఒక వాక్యం ఉడుతను ఎంత ఊరించిందో, నన్ను అంత అనుమానంలో పడేసింది: "మూడేళ్ళుగా నడపలేదు, బ్యాటరీని ఒక్క రోజు కూడా తగ్గనివ్వలేదు."

నేను రసాయనశాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ చేసినదాన్ని. అందుకే దారిలో ఉడుత తీర్పు నాకే వదిలేసింది. "నువ్వు సరేనంటే కొంటాను పెద్దమ్మా. కాదంటే ఇక బండి మాటెత్తను." ఆ రెండో మాట నాకు తియ్యగా వినిపించింది. మోకాలు విరిగిన నాటి నుంచి ఆదివారాలు ఆ పిల్ల ఇంట్లోనే ఉంటోంది. ఎదురెదురుగా కూర్చుని మధ్యాహ్నం దాకా మాట్లాడుకోవడం అలవాటైంది. అంతకు ముందు ఆదివారాలు ఎలా గడిచేవో నాకు బాగా గుర్తుంది.

తలుపు తీసినవాడు సన్నని పెద్దమనిషి. ఆమ్లం పడి మచ్చలు కట్టిన వేళ్ళు. జీవితమంతా లారీ బ్యాటరీలు బాగుచేసిన మేస్త్రి.

"బండి ఎవరికమ్మా? అబ్బాయికా?"

"నాకేనండీ," అంది ఉడుత.

"నీకా? అది నీకంటే బరువుంటుందే తల్లీ!"

"మోసుకెళ్ళను కదా బాబాయ్, ఎక్కి వెళ్తాను."

ఆయన నవ్వాడు. ఎక్కువగా వాడని నవ్వు, తుప్పు పట్టిన గడియలా కాస్త ఆగి ఆగి వచ్చింది.

బండి ఆయన తమ్ముడిది. ఇద్దరూ ఆ ఇంట్లోనే పెరిగారు. పెళ్ళయ్యాక తమ్ముడు వేరే ఊళ్ళో స్థిరపడ్డాడు. 'దీన్ని చూసుకో అన్నయ్యా' అని వెళ్ళాడు. మొన్న ఫోనులో, 'ఇద్దరు పిల్లలతో నాకు తీరికెక్కడిది, అమ్మెయ్' అన్నాడు. గొలుసు మీద నూనె ఆరలేదు, చక్రాల రబ్బరు మీద దుమ్ము లేదు. పక్కన ముక్కాలిపీట మీద ఛార్జరు, దానికి ఎదురుగా ఒక కుర్చీ. కుర్చీ నవారు ఒకే చోట కుంగి ఉంది.

ఉడుత బండిని కొట్టం వెనక కంకర వాలు మీదికి తీసుకెళ్ళింది. మీటరు నిండుగా చూపిస్తోంది. సగం వాలు ఎక్కేసరికి బండి నీరసించి నిలిచిపోయింది. కిందికి దొర్లించుకుని వచ్చింది.

"ఎక్కేటప్పుడు మీటరు సగానికి పడిపోయింది పెద్దమ్మా. దిగాక చూస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ పైకొచ్చింది. పైన పటారం, లోన లొటారం!"

"అలా అనకు తల్లీ," అన్నాడు మేస్త్రి. "కంటికి రెప్పలా చూశాను."

అంటూనే, ఆకలిగా వచ్చిన బిడ్డకు కంచం పెట్టినంత సహజంగా, ఛార్జరు తీగ బండికి తగిలించాడు. ఛార్జరులోని ఫ్యాను రివ్వున తిరిగింది. కొట్టమంతా ఆ చప్పుడే.

నేను సంచిలోంచి ఉక్కు స్కేలు తీసి బ్యాటరీ పెట్టె పైన పెట్టాను. చదునైన మూత మీద కదలకుండా ఉండవలసిన స్కేలు రెండు కొసలా ఊగింది. మూత ఉబ్బింది.

"రోజూ తగిలిస్తారా మేస్త్రిగారూ?"

"రోజూ సాయంత్రం. తగ్గనిస్తే పలకల మీద తెల్లగా పేరుకుని చస్తుంది. మా గురువు మొట్టికాయలేసి మరీ నేర్పాడమ్మా."

"సీసం బ్యాటరీకి ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఇది లిథియం. వాడకుండా ఉంచేటప్పుడు దీన్ని సగంలో ఆపాలి. ఎప్పుడూ నిండుగా, అందులోనూ రేకుల కింది వేడిలో ఉంచితే లోపల వాయువు పుట్టి ఇలా ఉబ్బుతుంది."

ఆయన స్కేలు కొసను వేలితో నొక్కి చూశాడు.

"అంటే, నేనే పాడుచేశానన్నమాట."

బ్యాటరీకి వయసైపోయిందని అనవచ్చు. అనలేకపోయాను. "అవునండీ," అన్నాను.

"నిండుగా ఉన్నదాన్ని రోజూ మళ్ళీ ఎందుకు బాబాయ్ నింపడం?" ఉడుత గొంతులో ఇప్పుడు వెటకారం లేదు.

ఆయన కుర్చీ వైపు చూశాడు. "ఇది పెట్రోలు బండి కాదుగా తల్లీ, వచ్చినా చప్పుడుండదు. తమ్ముడు బండి తెచ్చి తగిలించి, ఈ ఫ్యాను తిరిగితేనే వాడు వచ్చాడని నాకు తెలిసేది. లేచి పొయ్యి ముట్టించేవాణ్ణి. ఇప్పటికీ అంతే. ఇది వినబడితే గానీ వంట చెయ్యబుద్ధి కాదు."

ఉడుత నా వైపు తిరిగింది. నేను చెప్పవలసిన సమయం అదే. 'బ్యాటరీ పనికిరాదు, పద ఇంటికి' అంటే సరిపోతుంది. అందులో అబద్ధం ఉండదు. ఆ పిల్ల మారుమాట లేకుండా గొడుగు అందుకుంటుంది. వచ్చే ఆదివారం నా ఎదుట కూర్చుంటుంది. కుంగిన నవారు నా కళ్ళ ముందే ఉంది.

"బ్యాటరీ పోయింది," అన్నాను. "మోటారు, చట్రం దివ్యంగా ఉన్నాయి. బ్యాటరీ ఖరీదు మేరకు ధర తగ్గిస్తే కొను. కొత్తది వేయిద్దాం."

"నిజంగానా పెద్దమ్మా?"

"నిజంగానే."

తరువాత మేస్త్రికి రెండో నిజం కూడా చెప్పవలసి వచ్చింది: ఉబ్బినదాన్ని ఇక ఛార్జరుకు తగిలించకూడదు, అంటుకుంటే కొట్టమే కాదు, ఇల్లూ మిగలదు. ఆయన తానే వంగి తీగ లాగాడు. ఫ్యాను రెండు చుట్లు ఊరికే తిరిగి ఆగింది. చూరు నీళ్ళ చప్పుడు అప్పుడు గానీ మాకు మళ్ళీ వినబడలేదు. ఆయన తీగను మోచేతికి చుట్టి, ముడివేసి, ఛార్జరును ఉడుత చేతిలో పెట్టాడు.

"నేను అప్పుడప్పుడు ఇటు వస్తుంటాను బాబాయ్."

"వస్తే ముందు కేకెయ్యి తల్లీ. నీ బండి వచ్చినట్టు నాకు తెలీదు."

పాత బ్యాటరీని ఇసుక పోసిన బకెట్లో పెట్టి, పాడైన బ్యాటరీలు తీసుకునే కేంద్రంలో అప్పగించాం. ఉడుత ఆ వీధికి రెండుసార్లు వెళ్ళింది; ఆ తరువాత పందేలు మొదలయ్యాయి, ఆదివారాలు వాటికే చాలలేదు. సాయంత్రం ఆ పిల్ల ఎప్పుడొచ్చేదో నాకు తెలిసేది కాదు. వరండాలో ఛార్జరు ఫ్యాను తిరిగాక లేచి పొయ్యి ముట్టించేదాన్ని.

నాలుగేళ్ళ తరువాత ఉడుతకు కొత్త పందెగాళ్ళకు శిక్షణ ఇచ్చే ఉద్యోగం దొరికింది. బండి వెంటపెట్టుకుని వేరే ఊరు వెళ్ళింది. అక్కడ త్వరగా నింపే ఛార్జరు ఉండటంతో, మేస్త్రి ఇచ్చిన పాతది మా వరండాలోనే ఉండిపోయింది.