అద్దాల గదిలో మాటలు

భేస్తాన్‌లో వలస వచ్చి సాంచాల మధ్య, అంటే మరమగ్గాల మధ్య, బతికేవాళ్లకు చెవులు సగమే పనిచేస్తాయి. ఆ మోతలో గొంతు చించుకున్నా వినపడదు కనుక ఎదుటివాడి పెదవులు చూసి మాట పట్టుకోవడం అలవాటైపోతుంది. కండెలు చుట్టే స్వరాజ్యమైతే షెడ్డు ఆ చివర ఎవరేం గొణిగినా ఇట్టే చెప్పేది.

ఆ ఆదివారం తెలుగువాళ్ల సంఘం హాల్లో సినిమా వేశారు. పెద్దదేం కాదు, రైల్వే ఉద్యోగి కొడుకు ఉమాకాంత్ లక్ష్మీపతి సేటు కార్ఖానాలో తీసిన చిన్న చిత్రం. కూలీల నాయకుడొకడు మేస్త్రీ కుర్చీకి అమ్ముడుపోయే కథ. నాయకుడి వేషం స్వరాజ్యం మొగుడు ముత్యానిది. సేటు వేషం సేటే వేశాడు. తన కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోనిస్తాడా మరి!

షూటింగ్ అయిన వారానికే ముత్యం నిజంగానే మేస్త్రీ అయ్యాడు. అదే వారం స్వరాజ్యం తమ్ముడు బుచ్చిరాములు పని ఊడింది. కూలి పెంచమని అడగడానికి అతను గుట్టుగా మనుషుల్ని కూడగడుతున్న సంగతి ఎవరో సేటు చెవిన వేశారు. అప్పటినుంచీ అక్క ఇంట్లోనే తింటున్నాడు. "ఆ చాడీకోరు దొరకనీ, బొక్కలిరగ్గొడ్త" అంటూ ముత్యమే బామ్మర్దికి కొసరి కొసరి వడ్డించేవాడు. ఎంత మంచి మొగుడని స్వరాజ్యం మురిసిపోయేది, పిచ్చిది.

హాల్లో దీపాలు ఆర్పారు. తెరమీద ముత్యం షెడ్డులో సేటు కూర్చునే అద్దాల గదిలోకి వెళ్లి తలుపేశాడు. సాంచాల మోత ఠక్కున ఆగిపోయింది. సేటు పలకరించకుండా కాలితో ఒక కుర్చీ ముందుకు నెట్టాడు. ముత్యం దాని అంచున కూర్చుని, మాట్లాడేకొద్దీ వెనక్కి జరిగి, చివరికి దర్జాగా చేతులానించాడు.

ఉమాకాంత్ ఉండబట్టలేక లేచాడు. "ఇక్కడ డైలాగ్ లేదు, గమనించండి. అధికారం, ఆశ అన్నీ ఆ కూర్చోవడంలోనే ఉన్నాయి!"

చూసేవాళ్ల కళ్లన్నీ ముత్యం పెదవులమీదే ఉన్నాయి. ముత్యం ముఖం గోడంతై కనిపిస్తోంది. ఆ పెదవులు అంటున్నాయి: "మందిని జమచేస్తున్నది మా బామ్మర్దే సేటూ. బుచ్చిరాములు. ఆణ్ణి తీసెయ్. నన్ను మేస్త్రీని జెయ్."

స్వరాజ్యం తెరవైపు ముందుకు వంగింది. తప్పుగా చూశానేమో అనుకుంది. పక్కన, తనతోపాటు కండెలు చుట్టే లలితమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమెవంకే చూస్తోంది. తప్పేం కాదు, అందరూ చూశారు.

ముత్యం దిగ్గున లేచాడు. "అది యాక్టింగ్! డైరెక్టరే గట్ల చెప్పమన్నడు!"

"నేనేం చెప్పలేదన్నా. సౌండ్ పెట్టట్లేదు, మీకు తోచింది మాట్లాడుకోండి అన్నాను" అన్నాడు ఉమాకాంత్, పాపం, ఏమీ అర్థం కాక.

అదే ముత్యం కొంప ముంచింది. మైకు లేదు, కెమెరా అద్దాల అవతల ఎక్కడో షెడ్డు ఆ చివర ఉంది. ఇంకేం, నాటకం చాటున అసలు బేరం కానిచ్చేశాడు. అంత దూరంలోని ముఖాన్ని కెమెరా దగ్గరికి లాగుతుందని ఆ మహానుభావుడికి తట్టలేదు.

స్వరాజ్యం తమ్ముడివైపు తిరిగింది. అతను తెరనూ చూడడం లేదు, బావనూ చూడడం లేదు. ఆమెనే చూస్తున్నాడు.

"నీకెరుకేనా అక్కా?"

మొగుడి ద్రోహం కన్నా ఈ మాటే ఆమెను ఎక్కువ కోసింది. "లేదు తమ్మీ, నీ తోడు, నాకెరుక లేదు" అంది. మళ్లీ అంది. బుచ్చిరాములు లేచి వెళ్లి గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కున్నాడు.