సుగిమాన్ అరచేతులు

సుగిమాన్ గోళ్లు కత్తిరించుకొని, గడియారం విప్పి జేబులో వేసుకొని, మోచేయి కొలనులో ముంచి చూశాడు. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. సోలో ఊళ్లోని ఆ పునరావాస కేంద్రంలో పద్దెనిమిదేళ్లుగా అతని పని ఇదే. నడవలేనివాళ్లను నీళ్లలోకి దించడం, మళ్లీ పైకి ఎత్తడం. పొట్టి మనిషి, లావు మెడ, నానీ నానీ ముడతలు పడ్డ చేతులు.

వెనింగ్‌ను మాత్రం పట్టుకోకూడదు. ఆమెవి పెళుసు ఎముకలు. ఇరవై ఏళ్ల వయసుకే ముప్ఫైసార్లు విరిగాయి. చేయి పట్టి లాగితే చాలు, పుటుక్కుమంటుంది. రెండు అరచేతులూ విప్పి ఒంటి కిందికి చేర్చి, ఆమె చెప్పినప్పుడే ఎత్తాలి.

“నేను చెప్పందే కదలకు బాబాయ్! నేనేమన్నా పెనంమీది సోయా టెంపే ముక్కనా, తిరగేయడానికి?” అని మొదటిరోజే కసిరింది.

రెండేళ్లుగా “ఆగు”, “ఊఁ, ఇప్పుడెత్తు” అనే ఆ గొంతు వినని రోజు లేదు. భార్య పోయాక సుగిమాన్‌ను పలకరించే మనిషి ఆమె ఒక్కతే. ఇంటికి వెళితే గోడలే దిక్కు.

ఈరోజు డాక్టరమ్మ ఎదుట ఏమీ పట్టుకోకుండా పదడుగులు వేస్తే, మధ్యాహ్నమే వెనింగ్ ఇంటికి ప్రయాణం. వాళ్లమ్మ అప్పుడే బండి తెచ్చి కూర్చుంది. వేయలేకపోతే మరో ఆరునెలలు ఇక్కడే.

నీళ్లలో కాళ్లు సాగదీయడం అయ్యాక, డాక్టరమ్మ చూస్తుండగా ఆమెను గట్టుమీది నడక కడ్డీల మధ్య నిలబెట్టి, అరచేతులు విప్పి, తాకకుండా వెనకే నడిచాడు. ఏడో అడుగులో ఆమె మోకాలు వణికింది. ‘కూర్చో తల్లీ, కూర్చో’ అంది అతని పాపిష్టి మనసు. ఛీ! సిగ్గుతో చెవులు భగ్గుమన్నాయి. ఆమె కూర్చోలేదు. ఎనిమిది. తొమ్మిది. పది.

“చూశావా బాబాయ్, నీ ఉద్యోగానికి ఎసరు పెట్టాను!” అంది రొప్పుతూ.

“మహా గొప్ప! నా నడుంనొప్పి వదిలింది పో,” అన్నాడు సుగిమాన్.

మధ్యాహ్నం వాకిట్లో కొత్త బూట్లతో, చేతికర్రతో నిలబడింది. సెలవు తీసుకుంటూ, పెద్దలకు మొక్కే అక్కడి తీరున అతని చేయి నుదుటికి ఆనించుకుందామని ముందుకు వంగింది. సుగిమాన్ చేయి ఇవ్వలేదు. రెండు అరచేతులూ విప్పి ఆమె మోచేతుల కిందికి చేర్చి, ఆమె మాటకోసం చూస్తూ ఉండిపోయాడు.

“ఎత్తక్కర్లేదు బాబాయ్,” అంది వెనింగ్ మెల్లగా. అతని చేతిని తనే అందుకొని నుదుటికి ఆనించుకుంది. తర్వాత తన కాళ్లమీద తనే వెళ్లి బండెక్కింది.

సాయంత్రం కొలను కడుగుతుంటే గట్టుపక్కన ఆమె రబ్బరు చెప్పులు కనబడ్డాయి. చేతిలోకి తీసుకొని తిరగేశాడు. మడమల దగ్గర అరిగిపోయి ఉన్నాయి, వెనింగ్ పుట్టాక నడిచి అరగదీసిన మొదటి జత చెప్పులు.